మెషిన్ 16కు ఎందుకు ఎక్కింది? సీప్యాప్ ప్రెషర్ కుదిరిన ఒక కేసు

సీప్యాప్ అంటే నిద్రలో గొంతు మూసుకుపోకుండా మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపే మెషిన్. ఆ ప్రెషర్‌ను తనంతట తానే మార్చుకునేది ఆటో రకం. ఆటో సీప్యాప్ మెషిన్‌ను ప్రెషర్ 4 నుంచి 20 దాకా తెరిచిపెట్టి, "ఎంత కావాలో అదే చూసుకుంటుంది" అని చెప్పి రోగిని ఇంటికి పంపడం ఇప్పుడు మామూలైపోయింది. చాలామందికి అది నిజంగానే సరిపోతుంది. సరిపోనివారి విషయంలోనే చిక్కు వస్తుంది. మెషిన్ రాత్రి ఎంతవరకు ఎక్కిందో చూసి, ఆ రోగికి అంత ప్రెషర్ అవసరమని తేల్చేస్తుంటారు. ఎక్కడం వేరు, అవసరం కావడం వేరు. ఈ కేసులో ఆ రెండింటి మధ్య తేడా దాదాపు ఆరు సెంటీమీటర్లు.

ముందుగా లెక్కల సంగతి. ఇక్కడ రాసిన ప్రెషర్ అంకెలన్నీ నీటి మట్టం సెంటీమీటర్లలో ఉన్నాయి. ఏహెచ్‌ఐ అంటే నిద్రలో గంటకు ఎన్నిసార్లు శ్వాస ఆగిపోయింది (అప్నియా) లేదా బాగా తగ్గింది (హైపాప్నియా) అన్న లెక్క. పది సెకన్లు, అంతకు మించి సాగినవే అందులోకి వస్తాయి. 5 లోపు ఉంటే మామూలు, 15 దాకా స్వల్పం, 30 దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం. రోగిని గుర్తుపట్టగల వివరాలు తీసేశాను.

రోగి

వయసు 52. రోజంతా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. బీఎంఐ 33, మెడ చుట్టుకొలత 43 సెంటీమీటర్లు. రక్తపోటుకు రెండు మందులు వాడుతున్నారు. ఏళ్ల తరబడి గురక ఉన్నా పట్టించుకోలేదు. సిగ్నల్ దగ్గర కారు ఆపితే కునుకు పట్టడం మొదలయ్యాక భార్య పట్టుబట్టి పరీక్షకు తీసుకెళ్లారు. పగటి నిద్రమత్తును కొలిచే ఎప్‌వర్త్ స్కోరు 24కి 16 వచ్చింది. 10 దాటితేనే ఎక్కువ అంటాం.

నిద్ర పరీక్ష ల్యాబులో రాత్రంతా చేశారు. ఏహెచ్‌ఐ 46. వెల్లకిలా పడుకున్నప్పుడు 68, పక్కకు తిరిగినప్పుడు 24, కలలు వచ్చే రెమ్ నిద్రలో 61. ఆక్సిజన్ 74 శాతం దాకా పడిపోయింది. దాదాపు అన్నీ గొంతు మూసుకుపోవడం వల్ల వచ్చిన అబ్‌స్ట్రక్టివ్ ఆటంకాలే. మెదడు నుంచి శ్వాస ఆదేశం రాక ఆగిపోయే సెంట్రల్ అప్నియాలు గంటకు ఒకటి కూడా లేవు. ఈ చివరి అంకె గుర్తుంచుకోవాలి, తర్వాత దీనితో పని ఉంది.

నోటితో ఊపిరి పీల్చే అలవాటు ఉందని చెప్పినందుకు ముక్కు, నోరు రెండూ కప్పే ఫుల్ ఫేస్ మాస్కు, ఆటో మెషిన్ ఇచ్చారు. రేంజి 4 నుంచి 20. ఊపిరి వదిలేటప్పుడు ప్రెషర్‌ను కాస్త తగ్గించే ఈపీఆర్ సదుపాయాన్ని పూర్తిగా, అంటే 3 మీద పెట్టారు. నెల దాటాక, మెషిన్ వెనక్కి ఇచ్చేయాలన్న నిర్ణయంతో నా దగ్గరికి వచ్చారు.

"పెట్టుకోగానే గాలి చాలదు. అర్ధరాత్రి లేచి చూస్తే ముఖం మీద గాలివాన. పొద్దున కడుపు బెలూనులా ఉంటుంది," అన్నారాయన. ఆయన భార్య మాట ఇంకా సూటిగా ఉంది. "గురక పోయింది డాక్టరుగారూ, దాని బదులు మాస్కు ఈల వేస్తోంది."

మొదటి డేటా

వాడకం రాత్రికి సగటున మూడు గంటల లోపే. మెషిన్ లెక్క ప్రకారం మిగిలిన ఏహెచ్‌ఐ 13.4. అందులో అబ్‌స్ట్రక్టివ్ అప్నియాలు 5.1, హైపాప్నియాలు 3.2, సెంట్రల్ అప్నియాలు 5.1. ప్రెషర్ మధ్యగతం, అంటే రాత్రిలో సగం సమయం ఏ ప్రెషర్ లోపు గడిచిందో ఆ అంకె, 11.2. రాత్రి సమయంలో 95 శాతం ఏ ప్రెషర్ లోపు గడిచిందో చెప్పే అంకె 15.8. లీకు అదే 95 శాతం లెక్కన నిమిషానికి 41 లీటర్లు.

ఈ కాగితం మీద ఎవరి కన్నయినా మొదట 13.4 మీద పడుతుంది, వెంటనే 15.8 మీదకు జారుతుంది. ఇంత ప్రెషర్ పెట్టినా ఇంకా 13 మిగిలాయంటే ఈయనకు 17, 18 కావాలి కాబోలు, లేదా ఊపిరి తీసుకునేటప్పుడు ఎక్కువ, వదిలేటప్పుడు తక్కువ ప్రెషర్ ఇచ్చే బైలెవెల్ మెషిన్‌కు మార్చాలి కాబోలు అనిపిస్తుంది. నేను ముందు లీకు చూస్తాను. లీకు అదుపులో లేని రాత్రి మెషిన్ ఇచ్చే మిగతా అంకెలన్నీ అనుమానించదగ్గవే. గాలి ఎంత లోపలికి పోయింది, ఎంత బయటికి వచ్చింది అన్నది లెక్కగట్టే యంత్రం అది. మాస్కు అంచుల నుంచి గాలి కారిపోతుంటే దాని లెక్క తప్పుతుంది. అన్ని మెషిన్లూ లీకును ఒకేలా చూపించవని కూడా తెలిసి ఉండాలి. మాస్కులో వదిలిన గాలి బయటికి పోవడానికి కావాలనే పెట్టిన రంధ్రాల ప్రవాహాన్ని కొన్ని మెషిన్లు కలిపి చూపిస్తాయి, కొన్ని తీసేసి చూపిస్తాయి. రెస్‌మెడ్ మెషిన్లు తీసేసి చూపిస్తాయి. వాటిలో 24 లీటర్లు దాటితే పెద్ద లీకు కింద లెక్క. ఈయనది ఆ పద్ధతిలో చూపే మెషినే, అంటే 41 అన్నది పూర్తిగా వృథా పోయిన గాలి.

సగటు అంకెలు ఇంతవరకే చెబుతాయి. అసలు సంగతి ఒక్క రాత్రి గ్రాఫును విప్పి చూస్తే తెలుస్తుంది. ఎంచుకున్న రాత్రి ఇలా నడిచింది.

10:50కి మాస్కు పెట్టుకున్నారు, ప్రెషర్ 4. దాదాపు ముప్పావు గంట శ్వాస గీత ఎగుడుదిగుడుగా, మధ్యమధ్య నిట్టూర్పులతో ఉంది. మెలకువగా ఉన్న మనిషి గీత అది. 11:40 ప్రాంతంలో శ్వాస కుదుటపడింది, నిద్ర పట్టింది. వెంటనే ఊపిరి తీసుకునే గీత శిఖరం గుండ్రంగా కాకుండా బల్లపరుపుగా మారింది, అంటే గొంతు ఇరుకైంది, రెండు మూడు అప్నియాలు వచ్చాయి. మెషిన్ మెల్లగా 9.2 దాకా ఎక్కి అక్కడ ఆగింది. గీత గుండ్రబడింది. అరగంటకు పైగా ఆటంకం ఒక్కటీ లేదు, లీకు దాదాపు సున్నా.

12:35కి లీకు గీత గోడలా నిటారుగా లేచింది. సున్నా దగ్గర ఉన్నది 38 అయింది. ఆ క్షణాన ప్రెషర్ ఇంకా 9.2 దగ్గరే ఉంది. ఆ తర్వాత ప్రెషర్ ఎక్కడం మొదలైంది: 11, 12.5, 14. ఒంటిగంట దాటేసరికి 15.6. అక్కడి నుంచి సెంట్రల్ అప్నియాల గుర్తులు వరుసగా పడ్డాయి. 1:50కి మాస్కు తీసేశారు.

ఏది ముందు లేచింది అన్నదే ఇక్కడ కీలకం. ప్రెషర్ ముందు ఎక్కి, అది తట్టుకోలేక మాస్కు లేచిపోయి ఉంటే కథ వేరు. ఇక్కడ లీకు ముందు, ప్రెషర్ తర్వాత. మాస్కు జారింది, లోపలి ప్రెషర్ నిలవలేదు, శ్వాస గీత అస్తవ్యస్తమైంది, మెషిన్ దాన్ని గొంతు మూసుకుపోవడంగా చదివి ఇంకా గాలి పంపింది, ఆ గాలికి మాస్కు మరింత లేచింది. చిల్లుకుండలో నీళ్లు పోస్తున్న కొద్దీ చిల్లు పెద్దదయినట్లు. మరి మూడు రాత్రులు విప్పి చూశాను, రెండింటిలో ఇదే వరుస.

అదే గ్రాఫు ఇంకో మాట కూడా చెప్పింది. లీకు లేని అరగంటలో 9.2 ఈయన గొంతును తెరిచి ఉంచగలిగింది. వెల్లకిలా ఉన్నారో లేదో, రెమ్ నిద్రో కాదో మెషిన్‌కు తెలియదు కాబట్టి 9.2 చాలు అని అప్పుడే అనలేను. కానీ 15.8ని నమ్మకపోవడానికి అది చాలు.

పోల్చి చూసుకోవడానికి ఒక పాత సూత్రం ఉంది. బీఎంఐని 0.16తో, మెడ చుట్టుకొలతను 0.13తో, ఏహెచ్‌ఐని 0.04తో గుణించి, మూడింటినీ కూడి, 5.12 తీసేయాలి. ఈయనకు 5.28, 5.59, 1.84 కలిపి 12.71, అందులోంచి 5.12 పోతే సుమారు 7.6. ఈ సూత్రంతో ప్రెషర్ రాసివ్వమని ఎవరూ అనరు, రెండు మూడు సెంటీమీటర్ల తేడా సులువుగా వస్తుంది. అయితే సూత్రం 7.6 అంటుంటే మెషిన్ 15.8 అంటోందంటే మధ్యలో ఏదో దూరిందని అర్థం.

1981లో సిడ్నీలో కాలిన్ సలివన్ బృందం సీప్యాప్‌ను మొదటిసారి ప్రచురించినప్పుడు చూపించింది అయిదుగురు తీవ్ర రోగులను. ముక్కు ద్వారా 4.5 నుంచి 10 సెంటీమీటర్ల ప్రెషర్ ఇస్తే వారి గొంతు మూసుకుపోవడం పూర్తిగా ఆగింది. సీప్యాప్ ఆక్సిజన్ ఇవ్వదు, గది గాలినే ఒత్తిడితో పంపి, నాలుక వెనుకా మెత్తని అంగిలి వెనుకా వదులై కూలిపోయే దారిని లోపలి నుంచి తెరిచి పట్టుకుంటుంది. ఆ పనికి చాలాసార్లు అనుకున్నంత బలం అక్కర్లేదు. గాలి ముక్కు ద్వారా వెళ్లాలన్న షరతు మాత్రం ముఖ్యమైనది.

ముక్కు, మాస్కు

ముక్కు చూశాను. రెండువైపులా లోపలి పొరలు ఉబ్బి, పాలిపోయి ఉన్నాయి. అలర్జీ ఉన్న ముక్కు. పగలు ఫర్వాలేదు, పడుకుంటే మూసుకుపోతుంది. ఆయన చెప్పిన "నోటితో పీల్చే అలవాటు" అలవాటు కాదు, గత్యంతరం లేక చేస్తున్న పని.

ఫుల్ ఫేస్ మాస్కుకు రెండు ఇబ్బందులు ఉంటాయి. నిద్రలో దవడ కిందికి జారగానే ముఖం పొడవు మారిపోయి గడ్డం దగ్గర అంచు తెరుచుకుంటుంది. అది జరగకుండా పట్టీలు బిగిస్తే మాస్కు దవడను వెనక్కి నెడుతుంది, దవడతోపాటు నాలుకా వెనక్కి వెళ్లి, తెరవాల్సిన దారినే ఇరుకు చేస్తుంది. ముక్కు మాస్కుతో పోలిస్తే ఫుల్ ఫేస్ మాస్కుకు ఎక్కువ ప్రెషర్ పట్టడం, మిగిలిన ఏహెచ్‌ఐ ఎక్కువగా ఉండడం అధ్యయనాల్లో పదేపదే కనబడింది. కొందరికి అది తప్పనిసరి, కాదనను. కానీ నోటితో పీలుస్తారని వినగానే మొదటి మాస్కుగా దాన్నే చేతిలో పెట్టడం నాకు నచ్చదు.

ముక్కుకు స్టెరాయిడ్ స్ప్రే రోజూ, పడుకునే ముందు ఉప్పునీటితో కడగడం, మెషిన్‌లో గాలిని వేడి చేసి తేమ కలిపే హ్యూమిడిఫయర్ ఆన్. మాస్కు ముక్కు వరకే కప్పే రకానికి మారింది. కొలత కూర్చోబెట్టి తీసి సరిపెట్టలేదు. పడుకోబెట్టి, ప్రెషర్ 10 పెట్టి, అటూ ఇటూ తిరగమని చూసి తీశాం. కూర్చున్నప్పుడు చక్కగా అతుక్కున్న మాస్కు పడుకుంటే కారడం రోజూ చూసేదే. నోటికి టేపు వేసుకోమంటారా అని అడిగారు. వద్దన్నాను. ముక్కు మూసుకుపోయే మనిషికి నోరు కూడా కట్టేయడం ఏ విధంగానూ మంచిది కాదు.

అదే రోజు రేంజి కూడా మార్చాను. కింది హద్దు 4 నుంచి 7కు పెంచాను, పై హద్దు 20 నుంచి 12కు దించాను. ఈపీఆర్ 3 నుంచి 1కి.

కింది హద్దు పెంచడం రోగులకు వింతగా తోస్తుంది. "గాలి ఎక్కువైందంటే ఇంకా పెంచుతారేమిటి?" అన్నారాయన కూడా. 4 దగ్గర చాలామంది పెద్దవాళ్లకు ఊపిరి సలపనట్లు ఉంటుంది, మొదట్లో ఆయన చెప్పిన "గాలి చాలదు" అదే. పైగా నిద్ర పట్టాక 4 నుంచి 9 దాకా ఎక్కే లోపు అప్నియాలు వచ్చేస్తాయి. కింది హద్దు అవసరానికి దగ్గరగా ఉంటే మెషిన్ వెంటపడి పరుగెత్తాల్సిన పని తగ్గుతుంది.

ఈపీఆర్ విషయం చాలామంది గమనించరు. అది 3 మీద ఉంటే, మెషిన్ తెర మీద 9 ఉన్నా ఊపిరి వదిలేటప్పుడు గొంతుకు అందేది 6. గొంతు మూసుకుపోవడం ఊపిరి వదలడం చివర్లోనే మొదలవుతుంది కాబట్టి, అక్కడ మూడు తగ్గితే మెషిన్ ఆ మూడూ పైన కలుపుకోవాల్సి వస్తుంది. సుఖం కోసం పెట్టిన సెట్టింగే ప్రెషర్‌ను పెంచుతుందన్నమాట.

ఒకసారికి ఒక్క మార్పే చేయాలని, అప్పుడే దేనివల్ల ఏమైందో తెలుస్తుందని పాఠం. నిజమే. కానీ మెషిన్ వెనక్కి ఇచ్చేయడానికి పెట్టెలో సర్దుకుని వచ్చిన మనిషికి వారానికి ఒక మార్పు చొప్పున ప్రయోగాలు చేస్తే, రెండో వారానికి ఆయన ఉండరు. ముందు రాత్రి నిలబడాలి, శాస్త్రీయత తర్వాత.

సెంట్రల్ అప్నియాలు

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది గంటకు 5.1 సెంట్రల్ అప్నియాలు. నిద్ర పరీక్షలో లేనివి సీప్యాప్ పెట్టాక వచ్చాయి. దీనికి చికిత్సతో తలెత్తే సెంట్రల్ అప్నియా అని పేరుంది. గొంతు తెరుచుకోగానే కొందరిలో గాలి ఎక్కువగా ఆడి, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ ఒక గీత కిందికి దిగుతుంది. అది దిగితే మెదడు కాసేపు శ్వాస ఆదేశం ఆపేస్తుంది. ప్రెషర్ ఎక్కువైనా, లీకు ఎక్కువై కార్బన్ డయాక్సైడ్ కొట్టుకుపోయినా, మాటిమాటికి మెలకువ వచ్చినా ఇది పెరుగుతుంది. ఎక్కువమందిలో వారాల్లో దానంతట అదే తగ్గిపోతుంది.

ఇంకో కోణం ఉంది. మెషిన్ దగ్గర మెదడు తరంగాల లెక్క లేదు. మనిషి మెలకువగా, పక్క సర్దుకుంటూ ఒక నిట్టూర్పు విడిచి పన్నెండు సెకన్లు ఊపిరి బిగబట్టినా, గొంతు తెరిచే ఉంది కాబట్టి సెంట్రల్ అని రాసేస్తుంది. గ్రాఫులో దగ్గరగా చూస్తే చాలా గుర్తుల ముందు ఒక పెద్ద శ్వాస, దానికి ముందు లీకు ఎగబాకడం కనిపించాయి. లీకుకు మెలకువ వచ్చిన మనిషి శ్వాస అది.

అయినా రెండు ప్రశ్నలు అడగకుండా ఊరుకోకూడదు: గుండె ఎలా ఉంది, నల్లమందు జాతి నొప్పి మందులు వాడుతున్నారా? మందులు లేవు. గుండె స్కాన్ చేయిస్తే పంపింగ్ మామూలుగా ఉంది. ఇది లాంఛనం కాదు. సెంట్రల్ అప్నియాలకు వాడే, శ్వాసను బట్టి గాలి సాయాన్ని మార్చే ఏఎస్‌వీ మెషిన్ వల్ల, గుండె పంపింగ్ 45 శాతం, అంతకంటే తక్కువ ఉన్న గుండె వైఫల్య రోగుల్లో మరణాలు పెరిగాయని 2015లో సర్వ్-హెచ్‌ఎఫ్ అనే క్లినికల్ ట్రయల్‌లో తేలింది. గుండె సంగతి తెలియకుండా మెషిన్ మార్చే ఆలోచన చేయకూడదు. ఈయన విషయంలో ప్రెషర్ దించి, లీకు ఆపి, ఎదురుచూద్దామని నిర్ణయించాను.

రెండో డేటా, తెల్లవారుజాము గుత్తులు

రెండు వారాల తర్వాత వాడకం అయిదు గంటలు దాటింది. లీకు 14. ప్రెషర్ మధ్యగతం 8.4, 95 శాతం అంకె 10.6. ఏహెచ్‌ఐ 6.2, అందులో సెంట్రల్ 1.6, హైపాప్నియా 1.2, అబ్‌స్ట్రక్టివ్ అప్నియాలు 3.4. కడుపు ఉబ్బరం బాగా తగ్గింది.

6.2 చూసి మరో సెంటీమీటర్ పెంచితే సరిపోతుందని అనిపించడం సహజం. కానీ ఆ 3.4 రాత్రంతా పరుచుకుని లేదు. మూడున్నర దాకా గ్రాఫు శుభ్రంగా ఉంటుంది. ఆ తర్వాత ఎక్కడో ఒకచోట ఇరవై ముప్పై నిమిషాలపాటు అప్నియాలు గుత్తిగా, నిమిషానికి ఒకటి చొప్పున వస్తాయి. మెషిన్ 12 దాకా వెళ్లి హద్దును గుద్దుకుంటుంది, వాటికి చలనం ఉండదు. తర్వాత ఉన్నట్టుండి అన్నీ ఆగిపోతాయి.

తెల్లవారుజామున రెమ్ నిద్ర ఎక్కువ, ఆ నిద్రలో ఈయన ఏహెచ్‌ఐ 61 అని మనకు తెలుసు. కాబట్టి అనుమానం మొదట అటే వెళ్తుంది. కానీ రెమ్ నిద్రకు ఒక తీరు ఉంటుంది. సుమారు గంటన్నరకు ఒకసారి వస్తుంది, ఆటంకాల్లో హైపాప్నియాలు, అప్నియాలు కలిసి ఉంటాయి, ప్రెషర్ పెంచితే ఎంతో కొంత లొంగుతాయి. ఇవి కత్తితో కోసినట్లు మొదలై, అలాగే ముగుస్తున్నాయి, ప్రెషర్‌ను లక్ష్యపెట్టడం లేదు. గడ్డం ఛాతీకి ఆనుకుని, మెడ ముడుచుకున్నప్పుడు కనిపించే బొమ్మ ఇది. మెడ మడత పడితే గొంతు గొట్టం నొక్కుకుపోతుంది. దాన్ని గాలితో తెరవలేం.

నాలుగింటికి మెలకువ వస్తే ఆయన ఎలా పడుకున్నారో ఫోనుతో ఒక ఫొటో తీయమని ఆయన భార్యను అడిగాను. తెచ్చిన ఫొటోలో వివరణ అక్కర్లేదు. రెండు మందపాటి దిండ్లు, వాటి మీద భుజాలు కాదు, తల మాత్రమే. గడ్డం ఛాతీకి తగులుతోంది. మాస్కు గొట్టం ఛాతీ మీదుగా కిందికి లాగుతోంది. "గుండెల్లో మంట వస్తుందని రెండు దిండ్లు అలవాటు," అన్నారాయన.

రెండు దిండ్లు తీసి, పలుచని దిండు ఒక్కటి ఉంచమన్నాను. గుండెల్లో మంట కోసం మంచం తలవైపు కాళ్ల కింద దిమ్మెలు పెట్టి మొత్తం పరుపునే వాలుగా చేయించాం. అలా చేస్తే మెడ మడత పడదు, ఆమ్లం పైకి రావడం తగ్గుతుంది. గొట్టాన్ని మంచం తలాపు మీదుగా పైనుంచి వేయించాం. ప్రెషర్ ముట్టుకోలేదు.

గుత్తులు పోయాయి. ఏహెచ్‌ఐ 2.6కు దిగింది. దాదాపు నాలుగు తగ్గడానికి కారణం మెషిన్ కాదు, దిండు.

ఎక్కడ స్థిరపరచాలి

ఇప్పుడు డేటా నమ్మదగ్గ స్థితికి వచ్చింది. మధ్యగతం 8.3, 95 శాతం అంకె 9.8. ఆటోలోనే వదిలేయవచ్చు. ఆయనకు నిద్ర పలుచన, ప్రెషర్ మారినప్పుడల్లా మెలకువ వస్తోందన్నారు. గ్రాఫు కూడా ఆ మాటను కొంతవరకు బలపరిచింది. స్థిరమైన ప్రెషర్ ఒకటి వెతకాలనుకున్నాం.

ల్యాబులో ప్రెషర్ నిర్ణయించే పద్ధతి, అంటే టైట్రేషన్, ఎలా సాగుతుందో చెప్పాలి. అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2008 మార్గదర్శకాల ప్రకారం పెద్దవారికి 4 దగ్గర మొదలుపెడతారు. రెండు అబ్‌స్ట్రక్టివ్ అప్నియాలు గానీ, మూడు హైపాప్నియాలు గానీ, శ్వాస కష్టమై వచ్చే మెలకువలు అయిదు గానీ, కనీసం మూడు నిమిషాల పెద్ద గురక గానీ కనబడితే కనీసం ఒక సెంటీమీటర్ పెంచుతారు. ఒక పెంపుకూ మరో పెంపుకూ మధ్య అయిదు నిమిషాలకు తగ్గకుండా ఆగుతారు. 15 దగ్గర కూడా ఆటంకాలు ఆగకపోతే బైలెవెల్ ఆలోచిస్తారు. వెల్లకిలా పడుకుని రెమ్ నిద్రలో ఉన్న సమయం కలిసేలా కనీసం పావుగంట ఆటంకాలు గంటకు 5 లోపు లెక్కన ఉంటేనే ఆ ప్రెషర్‌ను ఉత్తమమంటారు. ఆ వెల్లకిలా రెమ్ షరతే అసలు కిటుకు. పక్కకు తిరిగి మామూలు నిద్రలో ఉన్నప్పుడు 6 కూడా సరిపోవచ్చు, అది చూసి 6 అని రాస్తే తెల్లవారుజామున మునుగుతారు.

వేరే పెద్ద జబ్బులు లేని పెద్దవారికి ల్యాబు టైట్రేషన్‌తో గానీ, ఇంట్లో ఆటో మెషిన్‌తో గానీ మొదలుపెట్టవచ్చని 2019 మార్గదర్శకాలు చెబుతున్నాయి. గుండె వైఫల్యం, ఊపిరితిత్తుల జబ్బు, ఊబకాయంతో పగలు కూడా కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోవడం, నల్లమందు జాతి మందులు, ఇవేవి ఉన్నా ఇంట్లో వెతుకులాట వద్దు. ఈయనకు ఇవి లేవు. సెంట్రల్స్ కూడా 1.2కు దిగాయి. అవి నెలల తరబడి నిలిచి ఉంటే నేనూ ల్యాబుకే పంపేవాడిని.

కాబట్టి ఇంట్లోనే, ఒక్కో ప్రెషర్‌ను ఒక్కో వారం స్థిరంగా ఉంచి చూశాం. ఒక్క రాత్రిని నమ్మి తీర్పు చెప్పలేం. ఒకరోజు అలసట, ఒకరోజు జలుబు, ఒకరోజు కాస్త మద్యం, ఏదైనా అంకెలు తారుమారు చేస్తుంది. ఆ వారాల్లో మద్యం వద్దని చెప్పాను.

9 దగ్గర ఏహెచ్‌ఐ 3.4. పైకి చూస్తే బాగుంది, 5 లోపే. కానీ తెల్లవారుజామున శ్వాస గీత శిఖరాలు బల్లపరుపుగా ఉన్నాయి, గురక సూచిక లేస్తోంది, పొద్దున తలబరువు పూర్తిగా పోలేదు. 10 దగ్గర ఏహెచ్‌ఐ 1.8, గీత రాత్రంతా గుండ్రంగా ఉంది. 11 దగ్గర 1.7, అంటే ఏమీ కలిసిరాలేదు. పైపెచ్చు మూడో రోజు నుంచి తేన్పులు, ఉబ్బరం తిరిగొచ్చాయి. గాలి అన్నవాహికలోకి దూరడం మొదలైందన్నమాట. 10 దగ్గర ఆపాం.

9కీ 10కీ మధ్య తేడాను ఏహెచ్‌ఐ అంకె ఒక్కటే చూస్తే వదిలేసేవాళ్లం. చదునైన శ్వాస గీత అంటే గొంతు మూసుకోలేదు గానీ ఇరుకుగా ఉందని, మనిషి కష్టపడి పీలుస్తున్నాడని. దాన్ని ఏహెచ్‌ఐ లెక్కపెట్టదు, నిద్ర మాత్రం లెక్కపెడుతుంది. 10 మీద ఒక రాత్రి వేలికి ఆక్సిమీటర్ పెట్టించాను. 90 శాతం కింద గడిచింది ఒక నిమిషం లోపే, అతి తక్కువ 88.

ఆరు నెలల తర్వాత

వాడకం రాత్రికి ఆరు గంటలు దాటుతోంది. ఎప్‌వర్త్ 7. రాత్రి మూడుసార్లు మూత్రానికి లేచేవారు, ఇప్పుడు ఒకసారి, కొన్నిసార్లు అదీ లేదు. ఇది ఆయనకు ఆశ్చర్యం, నిద్ర వైద్యులకు కాదు. గొంతు మూసుకున్నప్పుడు ఛాతీలో జరిగే గుంజులాట గుండెను సాగదీసి, మూత్రం పెంచే హార్మోనును విడుదల చేయిస్తుంది. రక్తపోటు మందులు మాత్రం అవే రెండు. సీప్యాప్‌తో రక్తపోటు సగటున తగ్గేది రెండు మూడు పాయింట్లే, దాన్ని చూపించి ఆశ పెట్టడం నాకు ఇష్టం ఉండదు.

ఆయన చేతికి ఇచ్చిన చీటీలో "సీప్యాప్ 10" అని మాత్రమే రాయలేదు. మాస్కు రకం, సైజు, ఈపీఆర్ 1, నిద్ర పట్టేదాకా 6 దగ్గర మొదలయ్యే ర్యాంపు, హ్యూమిడిఫయర్ స్థాయి, పలుచని దిండు అన్నీ రాశాను. ఆ 10 వీటన్నిటితో కలిసి 10. రేపు ఎవరైనా మాస్కు అరిగిందని ఫుల్ ఫేస్ రకం ఇచ్చినా, ఈపీఆర్ 3కు మార్చినా ఆ అంకె నిలవదు.

ఈ ఆరు నెలల్లో ఆయన ఎనిమిది కిలోలు తగ్గారు. ఈమధ్య మళ్లీ తేన్పులు మొదలయ్యాయన్నారు. 7 నుంచి 11 మధ్య ఆటోలో వారం పెట్టి చూస్తే 95 శాతం అంకె 8.7 వచ్చింది, లీకు 10 లోపే. 9 స్థిరంగా పెట్టి పంపాను. ఈసారి గీత తెల్లవారుజామున కూడా గుండ్రంగానే ఉంది. మరో అయిదు కిలోలు తగ్గితే మెషిన్ లేకుండా మళ్లీ నిద్ర పరీక్ష చేద్దామని మాట. అప్పటిదాకా మూడు నెలలకోసారి డేటా చూస్తాం, లీకు గీతతో మొదలుపెట్టి.